చీలమండ బెణికితే ఐసా, కాపడమా, కట్టా, కసరత్తా?

మే నెల రెండో వారం. పొద్దున్న ఆరు కూడా కాలేదు, అప్పటికే టీషర్టు తడిసి వీపుకి అంటుకుపోయింది. విశాఖ బీచ్ రోడ్డులో కుర్సుర సబ్‌మెరైన్ దాటి కాళీమాత గుడి వైపు వెళ్తున్నాను. పరుగంటే పెద్దదేం కాదు. రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, అలా మొదలుపెట్టి ఏడో వారం. ఎదురుగా ముగ్గురు పెద్దాళ్ళు వరసగా కబుర్లు చెప్పుకుంటూ వస్తుంటే దారిద్దామని పక్కకి జరిగాను. ఫుట్‌పాత్ అంచు టైళ్ళ మీద రాత్రి గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పేరుకుని ఉంది. కుడికాలు దాని మీద జారింది, పాదం లోపలికి తిరిగింది, ఒంటి బరువంతా చీలమండ బయటి పక్క మీద పడింది. లోపల ఎక్కడో తడి తాడు తెగినట్టు చిన్న చప్పుడు.

ఇల్లు చేరేలోపే నాలుగు సలహాలొచ్చాయి. కొబ్బరిబొండాల బండి దగ్గరున్నాయన ఐసు పెట్టమన్నాడు. ఆటో అబ్బాయి, "కట్టు కట్టించేయండమ్మా, వారంలో లేచి తిరుగుతారు" అన్నాడు. మా ఆయన ఫోన్లోనే ఎక్స్‌రే అన్నాడు. మా అమ్మ గుమ్మంలో నన్ను చూడగానే చింతపండు నానబెట్టడానికి లేచింది. లేస్తూనే, "నలభై దాటాక ఈ పరుగులేమిటే నీకు" అని ఒకటి అంటించింది.

ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. కానీ అన్నీ ఒకేసారి చేసేవి కావు, ఒకదాని బదులు ఇంకొకటి చేస్తే నష్టమే. నేను డాక్టర్ని కాను, నెల తిరక్కుండా అదే కాలు రెండుసార్లు మడత పెట్టుకున్నదాన్ని. రెండోసారికి ఇసుకనీ బూట్లనీ అనడానికి లేదు. మొదటిసారి నేను ఎంచుకున్న పద్ధతే దానికి కారణం. అందుకే ఏది ఎప్పుడు, ఎవరికి, ఎందుకు అన్నది వివరంగా రాస్తున్నాను.

ఎక్స్‌రేకి పరుగెత్తాలా, రెండు రోజులు చూడాలా

కాలు ఇలా లోపలికి మడత పడ్డప్పుడు ఎక్కువగా దెబ్బ తినేది చీలమండ బయటివైపు, కాస్త ముందుకి ఉండే లిగమెంటు. రిపోర్టుల్లో దాన్ని ఏటీఎఫ్ఎల్ అని రాస్తారు. ఎముకని ఎముకకి కట్టి ఉంచే గట్టి పట్టీ అది. సాగితే మొదటి గ్రేడు, కొంత చిరిగితే రెండు, పూర్తిగా తెగితే మూడు. ఎక్స్‌రేలో ఈ మూడూ కనపడవు. కాబట్టి ఎక్స్‌రే నార్మల్ అంటే ఎముక విరగలేదని మాత్రమే, కాలికేం కాలేదని కాదు. ఈ తేడా మొదటిసారి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

వాపు ఎక్కువుంటే విరిగినట్టు, తక్కువుంటే బెణికినట్టు అని మనవాళ్ళు లెక్కేస్తారు. అది నమ్మదగ్గ లెక్క కాదు. నాకు సాయంత్రానికి నారింజకాయంత వాపొచ్చింది, ఎముక మాత్రం చెక్కుచెదరలేదు. దీనికి ఇంతకంటే మంచి పద్ధతి ఒకటుంది. 1992లో కెనడాలోని ఒటావాలో ఎమర్జెన్సీ డాక్టర్లు తయారుచేసిన నియమాలివి. అనవసరమైన ఎక్స్‌రేలు తగ్గించడానికి చాలా దేశాల్లో ఇప్పటికీ వీటినే వాడుతున్నారు.

చీలమండకి రెండు పక్కలా గుబ్బల్లా పొడుచుకొచ్చిన ఎముకలుంటాయి కదా. ముందు వాటి కొన మీద, తర్వాత వెనక అంచు వెంట ఆరు సెంటీమీటర్ల ఎత్తు వరకు వేలితో నొక్కుకుంటూ రావాలి. మెత్తటి భాగంలో నొప్పి మామూలే. సరిగ్గా ఎముక మీద నొక్కినప్పుడు నొప్పి లేస్తే ఎక్స్‌రే తీయించాలి. పాదంలో ఇంకో రెండు చోట్లు కూడా చూడాలి. చిటికెన వేలి నుంచి పాదం బయటి అంచు వెంట వెనక్కి వస్తే సగం దారిలో ఒక బొడిపె తగులుతుంది, అది ఒకటి. పాదం లోపలివైపు, వంపుకి పైన, చీలమండకి కాస్త ముందు తగిలే ఎముక రెండోది. ఆఖరిది నడక. దెబ్బ తగిలిన వెంటనే నాలుగు అడుగులు వేయలేకపోయి, ఆసుపత్రిలో చూసేటప్పుడూ వేయలేకపోతే ఎక్స్‌రే తప్పదు. కుంటుతూ వేసినా వేసినట్టే లెక్క. ఇందులో ఏ ఒక్కటీ లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ.

షుగరుతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు మాత్రం ఈ పరీక్షని నమ్ముకోకూడదు. ఎముక విరిగినా వాళ్ళకి నొప్పి తెలియకపోవచ్చు. చిన్నపిల్లల్ని కూడా ఇంట్లో నొక్కి చూసి వదిలేయకండి. పాదం వంకరగా తిరిగినా, చల్లబడినా, నీలంగా మారినా, వేళ్ళకి తిమ్మిరెక్కినా పరీక్షలతో పనిలేదు, వెంటనే ఆసుపత్రికే. నొప్పి చీలమండ దగ్గర కాకుండా దానికి పైన, రెండు కాలి ఎముకల మధ్య ఉన్నా డాక్టరుకి చూపించుకోవాలి. అది వేరే రకం బెణుకు, తగ్గడానికి ఎక్కువ కాలం పడుతుంది.

నా కాలు ఈ పరీక్ష పాసయింది. అయినా మా ఆయన పట్టుబట్టి ఎక్స్‌రే తీయించాడు. డబ్బు దండగ అనను, ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టింది. ఎమ్మారై మాత్రం మొదటి వారంలో ఎవరైనా రాస్తే ఎందుకని అడగండి. ఆరు వారాలు దాటాక కూడా నొప్పి తగ్గకపోయినా, కాలు పట్టేసినా, తూలిపోతున్నా అప్పుడు దానితో పని.

మొదటి మూడు రోజులు

మా ఇంట్లో అసలు గొడవ ఇక్కడే. అమ్మది చింతపండు పక్షం. గుజ్జులో రాళ్ళుప్పు వేసి చిక్కగా ఉడికించి వేడివేడిగా పట్టు వేయాలంటుంది. పక్కింటి పిన్నిగారిది వావిలాకు కాపడం. విజయనగరం నుంచి అత్తయ్య ఫోను, "ఎవరిచేతనైనా నూనె రాసి ఓసారి లాగించుకోమ్మా, నరం పక్కకి తప్పి ఉంటుంది" అని. నాదేమో ఫ్రిజ్‌లో బఠాణీల ప్యాకెట్టు.

వీటిలో అస్సలు ఒద్దన్నది లాగించడం. నరం పక్కకి తప్పడం అనేది ఇక్కడ జరగలేదు, లిగమెంటు చిరిగింది. లోపల చిన్న రక్తనాళాలు చిట్లి రక్తం చేరుతున్న చోట గట్టిగా మర్దన చేస్తే చిట్లినవి ఇంకా చిట్లుతాయి. మొదటి మూడు రోజులు కాపడం వద్దనేదీ అందుకే. వేడికి రక్తం ఎక్కువగా చేరుతుంది, వాపు పెరుగుతుంది. అదే కాపడం వారం తర్వాత, పొద్దున్న లేవగానే కాలు బిగుసుకుపోయినప్పుడు, కసరత్తుకి ముందు హాయిగా ఉంటుంది. అంటే పిన్నిగారి వైద్యం తప్పు కాదు, దానికి ఇంకా టైం రాలేదు.

ఐసు సంగతి కొంచెం చిత్రమైనది. విశ్రాంతి, ఐసు, బిగింపు, ఎత్తు అనే నాలుగు మాటల మంత్రాన్ని గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టరు 1978లో ప్రచారంలోకి తెచ్చాడు. ఐసూ, పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని 2014లో మళ్ళీ ఆయనే రాశాడు. అలాగని పారేయనక్కర్లేదు. ఐసు నొప్పిని తగ్గిస్తుంది, అందులో అనుమానం లేదు. గాయాన్ని త్వరగా మానుస్తుందనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. కాబట్టి నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు తువ్వాలు చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి, రెండు మూడు గంటల తర్వాత కావాలంటే మళ్ళీ. గడ్డని నేరుగా చర్మానికి తగిలించకండి, కాలినట్టే కమిలిపోతుంది.

చింతపండు పట్టు మీద నా తీర్పు ఇది. చల్లారాక వేస్తే పెద్ద నష్టం లేదు, ఆరేకొద్దీ బిగుసుకుని కాస్త పట్టినట్టు అనిపిస్తుంది. పసుపు, సున్నం పట్టులో సున్నం ఎక్కువైతే మాత్రం చర్మం పొక్కుతుంది. అమ్మతో నాలుగో రోజుకి రాజీ కుదిరింది. పట్టు వేసింది, కానీ చల్లగా.

వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసేదాన్ని మా ఇంట్లో ఎవరూ మందుగా లెక్కపెట్టలేదు. కాలు గుండె కంటే ఎత్తులో పెట్టడం. కుర్చీలో కూర్చుని స్టూలు మీద పెడితే సరిపోదు. వెల్లకిలా పడుకుని కాలి కింద రెండు తలగడలు వేయాలి. మొదటి రెండు రోజులు రోజుకి నాలుగైదు సార్లు అలా పడుకున్నాను, పొద్దుటికీ సాయంత్రానికీ తేడా కళ్ళకి కనపడింది. వాపు తగ్గేకొద్దీ నలుపు, ఊదారంగు మచ్చలు వేళ్ళ దాకా దిగాయి. అమ్మ కంగారుపడింది కానీ అది చేరిన రక్తం కిందకి దిగడమే.

రోజువారీ ఇబ్బందులు ఏ పుస్తకంలోనూ సరిగ్గా ఉండవు. మఠం వేసుకుని కూర్చుంటే చీలమండ బయటి పక్క సరిగ్గా దెబ్బ తగిలిన వైపే సాగుతుంది. పూజైనా భోజనమైనా నెలరోజులు కుర్చీలోనే కానివ్వండి. ఇండియన్ టాయిలెట్ మాత్రమే ఉన్న ఇంట్లో దాని మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ దొరుకుతుంది. మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు దెబ్బ కాలు. చేతికర్ర పట్టుకుంటే దెబ్బ తగలని వైపు చేతిలో. దెబ్బ కుడికాలికైతే గేర్ల బండి వద్దు, వెనక బ్రేకు ఆ కాలితోనే తొక్కాలి. సిరిపురం దిగువలో గట్టిగా బ్రేకు వేయాల్సి వస్తే అప్పుడు తెలుస్తుంది.

మాత్రా, జెల్లా

మామూలు బెణుక్కి డైక్లోఫెనాక్ జెల్లు మంచి ఎంపిక, నొప్పున్న చోటే పనిచేస్తుంది, కడుపులోకి పెద్దగా పోదు. పైపూతగా రాయాలి, మర్దన చేయకూడదు. చాలకపోతే పారాసెటమాల్. బ్రూఫెన్ లాంటివి అల్సరు, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవాళ్ళూ, గర్భిణులూ, రక్తం పల్చబడే మందులు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్ళూ డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. మందుల షాపులో నాలుగు రంగుల మాత్రలు చిన్న కవర్లో పోసి ఇస్తే ఏది ఏమిటో అడిగి తెలుసుకోండి. మాత్ర వేసుకుని నొప్పి తెలియకుండా పరుగెత్తడం మాత్రం ఎవరికీ పనికిరాదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

ఎముకల డాక్టరు, ఫిజియో, కట్టు కట్టేవాళ్ళు. మన దగ్గర ఈ మూడు దారులూ ఉన్నాయి.

ఎముక మీద అనుమానం ఉంటే ముందు ఎముకల డాక్టరే. మహారాణిపేట వైపు కేజీహెచ్, హనుమంతవాక వైపు విమ్స్ ప్రభుత్వాసుపత్రులు. ప్రైవేటుకి రామ్‌నగర్, మహారాణిపేటల్లో కొదవ లేదు. నేను వెళ్ళిన చోట డాక్టరుగారు ఎక్స్‌రే లైటుకి పెట్టి చూసి, "ఏం లేదు, మూడు వారాలు రెస్టు" అని చీటీ రాసిచ్చారు. అంతా కలిపి మూడు నిమిషాలు. ఎముక విషయంలో ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. కసరత్తు గురించి ఒక్క మాటా రాలేదు.

ఎముక బాగుందని తేలాక మీకు కావలసింది ఫిజియో. నా డబ్బుతో ఒక్కచోటికే వెళ్ళగలను అంటే, ఒటావా పరీక్ష పాసైన కాలుతో నేను నేరుగా ఫిజియో దగ్గరికే వెళ్తాను. రోజూ వెళ్ళక్కర్లేదు. నేను నాలుగుసార్లు వెళ్ళాను, మిగతాదంతా ఇంట్లోనే. వెళ్ళిన ప్రతిసారీ కరెంటు పెట్టి, వేడి పెట్టి పంపించేస్తూ కసరత్తు నేర్పని చోటుంటే మారిపోండి.

కట్టు కట్టేవాళ్ళని నేను తీసిపారేయను, మా తాతయ్య చెయ్యి విరిగితే కట్టుతోనే అతుక్కుంది. కానీ బెణుకు వేరు. ఎక్స్‌రే లేకుండా కడితే లోపల ఏముందో తెలియదు. ఉన్నది లిగమెంటు దెబ్బే అయితే మూడు నాలుగు వారాలు కదలనివ్వకుండా బిగించడం వల్ల కీలు బిగుసుకుపోతుంది, పిక్క కండ సన్నబడుతుంది. ఏ కట్టైనా సరే, వేళ్ళు చల్లబడ్డా, నల్లబడ్డా, తిమ్మిరెక్కినా అప్పటికప్పుడు విప్పించాలి. కట్టులో ఉన్న కాలి పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా అది రక్తం గడ్డకట్టడం కావచ్చు, అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్ళండి.

కాలికి ఏం తొడగాలి

క్రేప్ బ్యాండేజీ చవక, మొదటి వారం వాపుకి బాగుంటుంది. వేళ్ళ మొదలు నుంచి పైకి ఎనిమిది అంకెలా చుట్టుకుంటూ రావాలి, పడుకునేటప్పుడు తీసేయాలి. మెడికల్ షాపుల్లో యాంకిల్ బైండర్ అని ఇచ్చే సాగే తొడుగు వెచ్చగా ఉంటుంది, కాలుని జాగ్రత్తగా వేయాలని గుర్తుచేస్తుంది, అంతే. మడత పడుతుంటే అది ఆపలేదు. పైగా మన ఊరి చెమటకి రోజంతా వేసుకుంటే దద్దుర్లు. పరుగువాళ్ళు రంగు రంగులుగా అంటించుకునే సాగే టేపు మీద నాకు నమ్మకం లేదు. ఆటగాళ్ళు వేసుకునే గట్టి టేపు పనిచేస్తుంది కానీ వేయడం తెలిసినవాళ్ళుండాలి, పరుగు మొదలయ్యాక చెమటకి వదులైపోతుంది.

డబ్బు పెట్టదలిస్తే లేసులున్న బ్రేసుకి, లేదా రెండు పక్కలా గట్టి ప్లాస్టిక్ బద్దలున్నదానికి పెట్టండి. ఒకసారి బెణికిన కాలు మళ్ళీ బెణక్కుండా ఆపడంలో వీటికి మంచి పేరుంది. నేను మళ్ళీ పరుగు మొదలుపెట్టినప్పటి నుంచి నాలుగు నెలలు వేసుకున్నాను. దానికోసం బూటు అర సైజు పెద్దది కొనాల్సొచ్చింది, అది ఎవరూ చెప్పరు. సిమెంటు కట్టు సంగతికొస్తే, మూడో గ్రేడు దెబ్బకి డాక్టర్లు కొద్దిరోజులు వేస్తారు, పది రోజులదాకా. మామూలు బెణుక్కి వారాల తరబడి వేయడం పాత పద్ధతి.

విశ్రాంతా, కసరత్తా

మొదటిసారి నేను విశ్రాంతిని ఎంచుకున్నాను. ఎంచుకున్నాను అనడం కూడా పెద్దమాటే, చీటీలో రాసి ఉంది కాబట్టి పడుకున్నాను. మూడు వారాలన్నారు, రెండు వారాలకే నొప్పి పోయింది. వాపు లేదు, మెట్లు ఎక్కేస్తున్నాను, దిగేస్తున్నాను. జూన్ మొదట్లో బూట్లు తీశాను. టైళ్ళ మీద భయం కదా, ఈసారి మెత్తగా ఉంటుందని ఇసుకలోకి దిగాను. మూడో రోజు, నీళ్ళంచున వాలుగా ఉన్నచోట, అదే కాలు, అదే పక్క. ఈసారి కింద కూర్చుండిపోయాను.

ఫిజియో కుర్రాడు కథంతా విని, "నొప్పి పోయింది మేడమ్, కాలు రాలేదు" అన్నాడు. ఇంకేం వివరించకుండా ముందు ఎడమకాలు మీద నిలబడమన్నాడు, కళ్ళు మూసుకోమన్నాడు. ఇరవై దాకా లెక్కపెట్టాను. రెండు వారాలు పోయాక, దెబ్బకాలు బరువు మోయడం మొదలుపెట్టాక, దాని మీదా అదే చేయించాడు. మూడు. నాలుగో అంకె నోట్లో ఉండగానే గోడ పట్టుకున్నాను. నొప్పి ఏమాత్రం లేదు. కాలు ఎక్కడుందో కాలికే తెలియనట్టు ఊగిపోయింది.

లోపల జరిగేదిది. లిగమెంట్లలో, కీలు చుట్టూ ఉండే నరాల చివర్లు పాదం ఏ కోణంలో ఉందో మెదడుకి క్షణక్షణం కబురు పంపుతుంటాయి. పాదం లోపలికి తిరగబోతే కాలి బయటివైపు కండరాలు వెంటనే లాగి నిలబెడతాయి. బెణికినప్పుడు లిగమెంటుతో పాటు ఈ కబురందించే వ్యవస్థా దెబ్బ తింటుంది. కండరాలు ఆలస్యంగా లేస్తాయి, అప్పటికి కాలు మడత పడిపోయి ఉంటుంది. విశ్రాంతితో నొప్పి పోతుంది, ఈ ఆలస్యం పోదు. దానికి కసరత్తే కావాలి.

రెండు మూడు రోజులయ్యాక, కాలు గాల్లో పెట్టి బొటనవేలితో అక్షరాలు రాయడంతో మొదలవుతుంది. ఏబీసీడీలు రాయమన్నాడు. నేను అఆలు రాశాను. మన అక్షరాలు గుండ్రం కదా, చీలమండ అన్నివైపులా తిరుగుతుంది. 'ఋ' రాసేసరికి పిక్క పట్టేసిందంటే అబద్ధం కాదు. నడక కుదిరినంతవరకు నడవాలి, కుంటకుండా, అవసరమైతే చిన్న అడుగులు. తర్వాత పాత సైకిల్ ట్యూబు ముక్కని మంచం కోడుకి కట్టి, పాదానికి తగిలించి బయటివైపుకి లాగడం. ఇది విసుగు పుట్టించే పని, కానీ మడతని ఆపేది ఆ కండరాలే.

గోడ పరీక్ష నాకు బాగా నచ్చింది. గోడకి ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలు గోడకి తగిలించాలి. తగిలితే పాదం కొంచెం వెనక్కి జరిపి మళ్ళీ. ఎడమ బొటనవేలికీ గోడకీ మధ్య నాకు పది సెంటీమీటర్లు వచ్చేది, కుడిదానికి నాలుగు. స్కేలుతో కొలిచి వంటింటి క్యాలెండర్ మీద రాసుకునేదాన్ని, పాలవాడి లెక్క పక్కనే. ఆరో వారానికి తొమ్మిది.

ఒంటికాలి మీద నిలబడడం పళ్ళు తోముకునేటప్పుడు చేశాను, విడిగా టైం పెట్టుకుంటే ఎప్పటికీ అయ్యేది కాదు. ముందు నేల మీద కళ్ళు తెరిచి, తర్వాత కళ్ళు మూసి, ఆ తర్వాత మడతపెట్టిన బొంత మీద. పక్కన గోడో, సింకో అందేలా ఉండాలి. మెట్టు అంచున నిలబడి మడమలు లేపి దించడం, ముందు రెండు కాళ్ళతో, తర్వాత ఒంటికాలితో. రోజుకి పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. కాలు బాగైపోయిందనిపించాక కూడా మానకూడదు, నేను వారానికి మూడుసార్లు ఇప్పటికీ చేస్తున్నాను.

పరుగు లేని రోజుల్లో

ఊపిరి బలం పోకుండా ఉండాలంటే ఈత అన్నిటికంటే మేలు. బీచ్ రోడ్డులో జీవీఎంసీ ఆక్వా కాంప్లెక్స్ ఉంది. మొదటి వారాల్లో కాళ్ళు గట్టిగా తన్నకుండా చేతులతోనే ఎక్కువ ఈదండి. ఈత రానివాళ్ళకి, నాలాంటివాళ్ళకి, జిమ్‌లో నిలబెట్టిన సైకిల్. రోడ్డు సైకిల్ అయితే మన ఎత్తుపల్లాల్లో ఎక్కడో ఒకచోట దెబ్బకాలు దించాల్సొస్తుంది.

సింహాచలం గిరిప్రదక్షిణ సరిగ్గా అప్పుడే పడింది. ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్లు, అదీ చాలామంది చెప్పుల్లేకుండా. రెండోసారి దెబ్బ తగిలి ఐదు వారాలు, నడక బాగానే ఉంది, అమ్మ ఏటా వెళ్తుంది. ప్రదక్షిణ మొదలయ్యే తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి కిలోమీటరు నడిచి ఆటో ఎక్కాను. పరుగు మానినవాళ్ళు నడకే కదా అని ఇలాంటివి ఒప్పేసుకుంటారు. అలసిన కాలు మడత పడడానికి పరుగే అక్కర్లేదు.

మళ్ళీ ఎప్పుడు, ఎక్కడ

వారాలు లెక్కపెట్టడం కంటే కాలుని అడగడం నయం. అరగంట వేగంగా నడిస్తే మర్నాడు వాపు రాకూడదు. ఒంటికాలి మీద రెండు కాళ్ళూ ఒకేలా ముప్పై సెకన్లు నిలబడాలి. ఒంటికాలితో మడమ లేపడం మంచి కాలు ఎన్నిసార్లు చేస్తే ఇదీ దాదాపు అన్నిసార్లు చేయాలి. చివరికి దెబ్బకాలితో పదిసార్లు గెంతాలి, నొప్పి గానీ భయం గానీ లేకుండా. తేలిక బెణుకైతే రెండు వారాల్లో ఇక్కడికి చేరొచ్చు. నాకు రెండోసారి ఏడు వారాలు పట్టింది. పూర్తిగా తెగినవాళ్ళకి నెలలు.

మొదలుపెట్టినప్పుడు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా ఎనిమిదిసార్లు, రోజు విడిచి రోజు. పరుగులో కొంచెం నొప్పి తెలిసినా మర్నాటి పొద్దుటికి పోతే పర్లేదు. పోకపోతే ఒక మెట్టు వెనక్కి.

చోటు విషయంలో నా ఎంపికలు మారాయి. ఇసుక ఆఖరుది. పొడి ఇసుకలో పాదం ప్రతి అడుగుకీ ఒక్కో వైపు ఒరుగుతుంది, తడి ఇసుక గట్టిగా ఉన్నా సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. మెత్తన అంటే క్షేమం అనుకోవడమే నా పొరపాటు. ఏయూ గ్రౌండ్సు మట్టి బాగుంటుంది, కానీ వానకి పడిన గుంటలు ఎండాక గట్టిపడతాయి, చీకట్లో కనపడవు. మొదటి నెల తెల్లారాకే వెళ్ళండి. శివాజీ పార్కు ట్రాకు చదునుగా ఉంటుంది, జనం ఎక్కువ, గుండ్రంగా తిరిగీ తిరిగీ విసుగు. రెండు మూడు చుట్లకోసారి దిక్కు మార్చుకుంటే ఒకే కాలు మీద భారం పడదు. కైలాసగిరి ఘాట్ రోడ్డు ఎక్కడం పర్వాలేదు, దిగేటప్పుడే చీలమండకి కష్టం, మూడు నెలలదాకా ఆ వైపు చూడలేదు. ట్రెడ్‌మిల్లు చదును, ఎదురొచ్చేవాళ్ళుండరు. మొదటి రెండు వారాలకి అదే ఉత్తమమని ఒప్పుకుంటాను, ఇష్టంగా కాదు.

నాకు చివరికి నచ్చింది బీచ్ రోడ్డే. ఫుట్‌పాత్ కాదు, రోడ్డు మధ్య. పొద్దున్న కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ వైపు బండ్లు రానివ్వని వేళలో తారు రోడ్డంతా మనదే. గట్టిగా ఉంటుంది, చదునుగా ఉంటుంది, కాలు ఎక్కడ పడుతుందో కనపడుతుంది. రోడ్డు అంచులు నీళ్ళు పోవడానికి వాలుగా ఉంటాయి, కాబట్టి నడుమనే పరుగెత్తాలి.

బూట్ల గురించి రెండు మాటలు. ఎత్తు మడమ, మెత్తటి అట్ట ఉన్నవి కొనమని షాపులో ఊదరగొడతారు. బెణికిన కాలికి అలాంటివి ఊగిసలాటే. అడుగు వెడల్పుగా, నేలకి దగ్గరగా, మడమని గట్టిగా పట్టేవి చూసుకోండి. అడుగున బయటి అంచు అరిగిపోయిన పాత జతని పనిమనిషికి కూడా ఇవ్వకండి.

చలికాలంలో నేవీ మారథాన్‌లో ఐదు కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చాను. బ్రేసుతో, నడుస్తూ పరుగెత్తుతూ పూర్తిచేశాను. మామూలు రోజుల్లో మాత్రం కుర్సుర దాటాక ఎప్పుడైనా ఫుట్‌పాత్ ఎక్కాల్సొస్తే ఆ టైళ్ళ దగ్గర నడకలోకి దిగిపోతాను. ఇసుక ఇంకా అలాగే పేరుకుంటుంది. ఎదురుగా పెద్దాళ్ళు వరసగా వస్తుంటే నేనే ఆగుతాను, వాళ్ళు కబుర్లు ఆపకుండా పక్కనుంచి వెళ్ళిపోతారు.